సైగానులో మొదటి మూడు దినములు

ఊరు తిరిగి వచ్చినవారిని అందరూ అడిగేది ఒకటే: “ఏమేమి చూచినారు?” 2024 నవంబరులో మేము వియత్నాము దేశము పోయి వచ్చిన తరువాత వెంబకోట్టైలో మమ్ములను ఆ మాట అడగనివారు లేరు. మెకాంగ్ నదిలో పడవ ఎక్కినాము, సముద్రము చూచినాము, పెద్ద అంగడి చూచినాము అని చెప్పి పంపినాము. మొదటి మూడు దినముల సంగతి మాత్రము ఎవరితోను చెప్పలేదు. చెప్పుకొనుటకు సిగ్గు వేసినది. మన పత్రిక మన ఇంటివంటిదే గనుక ఆ సంగతి ఇక్కడ వ్రాస్తున్నాము.

మేము అనగా ఇద్దరము: ఈ గుమాస్తా, అతని ఇల్లాలు. ఇల్లాలు గుమాస్తాకు అక్క కూతురే. చిన్నప్పటి నుండి “మామా” అని పిలిచిన నోరు పెండ్లయి ఇరువది రెండేండ్లయినా ఆ పిలుపు మానలేదు. ఇన్నేండ్ల కాపురములో మేము చూచిన దూరపు ఊళ్ళు తిరుపతి, పళని, కన్యాకుమారి. పిల్లవాడు చదువు ముగించి కోయంబత్తూరులో ఉద్యోగములో చేరిన తరువాత, “ఒక్క పర్యాయము విమానమెక్కి సముద్రము దాటవలెను మామా” అని ఇల్లాలు అడిగినది. అడుగుట మాత్రమే కాదు, అగ్గిపెట్టెలు అంటించిన కూలిలో నెలనెలా చీటీ కట్టి కూడబెట్టిన సొమ్ము తెచ్చి ముందు పెట్టినది.

దీపావళి కాగానే మా టపాకాయల ఫ్యాక్టరీ కొన్ని వారములు మూసివేస్తారు. గుమాస్తాకు సెలవు. తిరుచ్చి నుండి సైగానుకు నేరుగా విమానము 2023 నవంబరులో మొదలైనది గనుక పిల్లవాడు చవక టిక్కెట్టు చూచి కొన్నాడు. ఆ చవక టిక్కెట్టుకు మనిషికి 7 కిలోల బరువు మాత్రమే. అందుచేత పెట్టెల మాట మాని, కాలేజీ పిల్లల వలె వీపున తగిలించుకొనే సంచులు రెండు కొన్నాము. నలుబది దాటిన మనిషి వీపు సంచితో బస్టాండులో నిలబడితే మన ఊరిలో చూచేవారి చూపులు ఎట్లుండునో చదువరులు ఊహించుకొనగలరు.

మొదటి చిక్కు ఇంటిలోనే మొదలైనది. ఆ దేశమునకు వీసా ఇంటినుండే కంప్యూటరులో తీసుకొనవచ్చును. రుసుము 25 డాలర్లు. ఆ ఫారములో ఇంటిపేరు వేరుగా, సొంత పేరు వేరుగా అడుగుతారు. తమిళనాటి తెలుగువారమైన మనకు ఇంటిపేరు ఉన్నది గాని అది పెండ్లి పత్రికలో తప్ప ఏ కాగితములోను లేదు. కాగితములో ఉన్నది తండ్రి పేరు మొదటి అక్షరము. పాస్‌పోర్టు కొరకు ఆ అక్షరమును విప్పి తండ్రి పేరు పూర్తిగా వ్రాసినారు. ఊరందరికీ ఫారములు నింపి ఇచ్చే గుమాస్తా తన ఫారమునకు రెండు రాత్రులు పట్టినాడు. ఇది గర్వభంగములో మొదటి మెట్టు.

నవంబరు 13, బుధవారము ఉదయము సైగానులో దిగినాము. 1976లో ఆ నగరమునకు హో చి మిన్ నగరమని పేరు పెట్టినారు గాని అక్కడివారు నోటితో అనేది నేటికిని సైగాను అనే. మన గడియారముకన్న అక్కడి గడియారము గంటన్నర ముందు. 109 నంబరు బస్సెక్కి, వీపు సంచులవారందరూ దిగే ఫామ్ ఙు లావ్ వీధిలో దిగినాము. సందులో ఒక చవక వసతి గృహము పిల్లవాడు ముందుగానే కుదిర్చినాడు. అక్కడి చిన్నది పాస్‌పోర్టు చూచి నవ్వుతూ గుమాస్తాను మా నాయన పేరు పెట్టి పిలిచినది. నాయన పోయి పదునొకండేండ్లయినది. ఆ పేరు చెవిని పడగానే ఇద్దరమూ ఒక్క క్షణము వెనుకకు తిరిగి చూచినాము. తరువాత ఇల్లాలిని గుమాస్తా పేరు పెట్టి పిలిచినది. నవ్వవలసిన సంగతే గాని ఆ ఉదయము నవ్వు రాలేదు. గది మధ్యాహ్నము రెండు గంటలకు గాని ఇవ్వరట.

ఎదుటి పార్కులో చెట్టు క్రింద కూర్చున్నాము. వెంట తెచ్చిన పులిహోర అక్కడే తిన్నాము. పార్కు దాటి అవతలకు పోదామంటే వీధి దాటుట ఎట్లో తెలియలేదు. 90 లక్షలకు పైబడిన జనమున్న నగరము, ఇంటింటికీ మోటారుసైకిళ్ళు. వైప్పారులో కొత్త నీరు వచ్చినట్లు ఎడతెగక వస్తాయి. ఇరువది నిమిషములు నిలబడినాము. చివరకు కావడి బద్దపై రెండు తట్టలు మోసుకొని ఒక ముసలామె వచ్చి, అటు ఇటు చూడకుండ వీధిలో దిగినది. ఆమె వెనుకనే మేమూ దిగినాము. ఆమె పరుగెత్తలేదు, ఆగలేదు, వెనుకకు అడుగు వేయలేదు. ఒకే నడక. బండ్లే ఆమెను తప్పుకొని పోయినవి. సైగానులో వీధి దాటే శాస్త్రము అంతే. నిలకడగా నడిచేవాడిని బండివాడు లెక్క వేసుకొని తప్పుకొంటాడు, బెదరి వెనుకకు దుమికేవానికే ప్రమాదము.

అవతల ఒకచోట బోండాము కొని త్రాగినాము. ఎండకు అది అమృతమే. గుమాస్తా నోటు తీసి ఇచ్చినాడు. గదికి వచ్చి స్నానము చేసి పడుకొన్నాము.

రాత్రి ఇల్లాలు సొమ్ము లెక్కపెట్టినది. మన రూపాయికి సుమారు 300 డాంగులు. చేతిలో నోట్లన్నీ వేలు, లక్షలు. “మామా, ఒక పెద్ద నోటు తక్కువ.” గుమాస్తా లేవకనే, “నీ లెక్క తప్పు, మళ్ళీ చూడు” అన్నాడు. ఆమె మళ్ళీ చూచినది. మూడవసారి చూచినది. తరువాత లేచి రెండు నోట్లు దీపము క్రింద పక్కపక్కన పెట్టినది. 20 వేల నోటు నీలము. 5 లక్షల నోటు కూడ నీలమే, కొంచెము పచ్చ కలిసినది. రెంటిపైనను హో చి మిన్ ముఖమే. బోండామునకు 20 వేలు ఇచ్చినామనుకొని 5 లక్షలు ఇచ్చి వచ్చినాము. మన లెక్కలో ఇంచుమించు 1,650 రూపాయలు.

శనివారము శనివారము వందమందికి కూలి బట్వాడా చేసి, పదునెనిమిదేండ్లలో ఒక్క రూపాయి తేడా రానీయని చేయి అది. సొమ్ము పోయినందుకు కాదు, “నీ లెక్క తప్పు” అన్నందుకు ఇల్లాలు మాట్లాడలేదు. అది ఆమె చీటీ సొమ్ము. గోడవైపు తిరిగి పడుకొన్నది. ప్రక్కన బుయి వియెన్ అనే వీధి ఒకటి ఉన్నది. అక్కడ అర్ధరాత్రి దాటినా పాటలు, డప్పులు. కిటికీ అద్దము అదురుతూనే ఉన్నది. ఇద్దరమూ మేలుకొనే ఉన్నాము, నిద్రపోయినట్లు నటిస్తూ.

గురువారము తిండి చిక్కు వచ్చినది. ఇల్లాలు మాంసము, చేప ముట్టదు. గుమాస్తా ఇంటిలో ముట్టడు. వియత్నాము అక్షరములు ఇంగ్లీషు అక్షరములే. పదిహేడవ శతాబ్దములో క్రైస్తవ పాదరులు కల్పించి ఇచ్చిన వ్రాత అది. గుమాస్తాకు ఇంగ్లీషు వచ్చును గదా అని ధైర్యముగా బోర్డులన్నీ చదివినాడు. చదువుట వచ్చినది, ఒక్క మాటకైనా అర్థము రాలేదు. అక్షరము మీదను, క్రిందను ఎన్నో గుర్తులు. పలికే తీరు మారితే అర్థమే మారిపోతుంది.

ఒక కొట్టులో, “మాంసము వద్దు” అని చేతులతో చెప్పినాము. కొట్టువాడు తల ఊపి, సేమ్యావంటి పులుసు గిన్నెలో పైనున్న ముక్కలు గరిటెతో తీసివేసి అదే గిన్నె మా ముందు పెట్టినాడు. అతనిది తప్పు కాదు, అడిగినట్లే చేసినాడు. ఆ దేశములో చేపలను ఉప్పులో ఊరవేసి నెలల తరబడి ఉంచి తీసిన రసము లేనిదే వంట లేదు. మనకు చింతపండు ఎట్లో వారికి అది అట్లు. వాసన తగలగానే ఇల్లాలు లేచి పోయి కాలువ ప్రక్కన కూర్చున్నది. ఉదయము త్రాగిన కాఫీ కూడ వెళ్ళిపోయినది.

మధ్యాహ్నము పెద్ద వాన. ఇల్లాలికి ఒళ్ళు కాలుతున్నది. మందు, అరటిపండ్లు కొనుటకు గుమాస్తా ఒంటరిగా బయలుదేరినాడు. ఫోనులో అక్కడి సిమ్ము వేయించలేదు, ఖర్చని. వసతి గృహపు చీటి కూడ జేబులో పెట్టుకొనలేదు. మందు దొరికినది, దారి పోయినది. సందులన్నీ ఒకే పోలిక. ఇంటి నంబరులో గీత గీసి దాని ప్రక్కన మరియొక నంబరు ఉంటుంది. మొదటిది సందు మొదలు నంబరు, రెండవది ఆ సందులో ఇంటి నంబరు. ఈ మర్మము తరువాత తెలిసినది. ఆనాడు తెలియలేదు. మూడు గంటలసేపు తడుస్తూ తిరిగినాడు. కనబడినవారిని అడిగితే వారు నవ్వి తల ఊపి పోయినారు.

ఆ మూడు గంటలు గదిలో ఇల్లాలు ఏమి అనుకొన్నదో తరువాత చాలా దినములకు గాని చెప్పలేదు. మోటారుసైకిలు గుద్దినదనుకొన్నదట. ఎవరిని అడగవలెను, ఏ మాటతో అడగవలెను, శవమును ఊరికి ఎట్లు తీసుకొని పోవలెను అనే దాకా ఆలోచించినదట. రాత్రి ఏడు దాటిన తరువాత పార్కు కనబడి గుమాస్తా దారి పట్టుకొని తలుపు తట్టినాడు. తిట్టుతుందని ఎదురు చూచినాము. తిట్టలేదు. తువ్వాలు ఇచ్చి, “మామా, ఇంటికి పోదాము” అన్నది. టిక్కెట్టు తేదీ మార్చవలెనన్న ఖర్చుకు చేతిలో సొమ్ము చాలదు.

శుక్రవారము ఉదయము జ్వరము తగ్గినది. ఇల్లాలు వేళ్ళు మడచి లెక్కపెట్టి, “ఈ దినము కార్తీక పున్నమ, శుక్రవారము. ఇరుక్కన్‌కుడి అమ్మవారికి రాత్రి మొక్కుకొన్నాను. ఇక్కడ ఏదైనా గుడి ఉన్నదా అడుగు మామా” అన్నది. వసతి గృహపు చిన్నది వెంటనే పటములో గుర్తు పెట్టి ఇచ్చినది. బెన్ థాన్ అంగడి వెనుక, ట్రువాంగ్ దిన్ వీధిలో గుడి. ఎవరి గుడి అంటే, “మారియమ్మన్” అన్నది. ఇరుక్కన్‌కుడిలో అర్జున నది, వైప్పారు కలిసేచోట ఉన్న మా తల్లి పేరు ఆ చిన్నదాని నోట విని ఇద్దరమూ మాట రాక నిలబడినాము.

ఫ్రెంచివారి కాలమున పుదుచ్చేరి, కారైక్కాలు నుండి ఉద్యోగములకు పోయినవారు, కారైక్కుడి వైపునుండి వడ్డీ వ్యాపారమునకు పోయిన నగరత్తారులు సైగానులో చాలామంది ఉండేవారు. మారియమ్మ గుడి తమిళులు కట్టినదే. నగరత్తారుల తెండాయుధపాణి గుడి వేరుగా ఉన్నది. 1975లో యుద్ధము ముగిసి ప్రభుత్వము మారిన తరువాత భారతీయులు చాలవరకు వెళ్ళిపోయినారు. గుడి మాత్రము నిలిచినది. నిలిపినది ఎవరనగా, అక్కడి జనమే. మేము పోయిననాడు లోపల నిండా వియత్నాము ఆడవారు, అగరువత్తులు చేతబట్టుకొని. గర్భగుడి వెనుక గోడకు నొసలు ఆనించి తమ భాషలో ఏదో చెప్పుకొంటున్నారు. ఇల్లాలు కూడ వారి నడుమ పోయి నొసలు ఆనించి తెలుగులో చెప్పుకొన్నది. ఏమి చెప్పుకొన్నదో మేము అడగలేదు. చాలాసేపు అక్కడే ఉన్నది.

బయటకు వచ్చి కొంతదూరము నడిచిన తరువాత ఒక చిన్న కొట్టు. బోర్డుపై సి, హెచ్, ఏ, వై అనే నాలుగు అక్షరములు. ఆ అక్షరములు రెండు దినములుగా చాలాచోట్ల చూచినాము. మన శివకాశిలో పనిచేసే ఉత్తరాది పిల్లలు టీని “చాయ్” అంటారు గదా, అదే ఇది, టీ కొట్టు అని గుమాస్తా నిర్ణయించి దాటి పోయేవాడు. ఆనాడు ఇల్లాలికి వేడిగా టీ త్రాగించుదామని లోపలికి పోయినాము. టీ అడిగితే కొట్టు అమ్మ అన్నము, సోయా గడ్డ కూర, పుట్టగొడుగులు, ఆకుకూర తెచ్చిపెట్టినది. మేము బిత్తరపోయి చూచినాము. ఆమె గోడమీది బుద్ధుని పటము చూపి, “చాయ్, చాయ్” అని, చేయి అడ్డముగా ఊపినది. అప్పుడు తెలిసినది. ఆ దేశములో చాయ్ అంటే శాకాహారము. పున్నమకు, అమావాస్యకు బౌద్ధులు చాలామంది మాంసము మాని అదే తింటారు. రెండు దినములు పస్తుండి, అన్నము బోర్డుల ముందునుండే నడిచి పోయినాము.

ఇల్లాలు రెండుసార్లు అన్నము పెట్టించుకొన్నది. మేము తిన్న తీరు చూచి ఆమెకు సంగతి అర్థమైనది కాబోలు, బిల్లు పుస్తకమునుండి ఒక కాగితము చింపి నాలుగు వరుసలు వ్రాసి ఇచ్చినది. సొమ్మిచ్చేటప్పుడు గుమాస్తా మరల నీలపు నోటు తీసి ఇచ్చినాడు. ఆమె దానిని తిప్పి, సున్నాలను వేలితో ఒకటొకటిగా లెక్కపెట్టి చూపి, 5 లక్షల నోటు వెనుకకు ఇచ్చి, మా చేతిలోనుండి సరియైన నోట్లు తానే ఏరుకొన్నది. ఇల్లాలు పకాలున నవ్వినది. మూడు దినములలో అదే మొదటి నవ్వు. “లెక్క తప్పింది నాదా, నీదా మామా?” అన్నది. “నాదే” అన్నాడు గుమాస్తా. ఆ మాట బుధవారము రాత్రే అనవలసినది.

చీటిలో ఏమున్నదో వసతి గృహపు చిన్నది చదివి చెప్పినది: “ఈ ఇద్దరు చాయ్ తినేవారు. మాంసము వద్దు, చేప వద్దు, చేపరసము వద్దు. కొంచెము సహాయము చేయండి.” తక్కిన దినములు ఆ చీటి చూపించిన ప్రతిచోట అన్నము దొరికినది.

ఆ రాత్రి ఇల్లాలు ఉన్నట్టుండి, “మామా, ఆ ఒడిశా మొగుడు పెండ్లాలు జ్ఞాపకమున్నారా?” అని అడిగినది.

జ్ఞాపకమున్నారు. దానికి రెండేండ్ల ముందు, మే నెల మిట్టమధ్యాహ్నము, ఫ్యాక్టరీ ఆఫీసు వాకిట ఒక పడుచు జంట వచ్చి నిలబడినది. వీపున సంచులు, చంకలో చాప. చేతిలో ఒక కాగితము. మగవాడు ఏదేదో చెప్పి “పాణి, పాణి” అన్నాడు. గుమాస్తా తల ఎత్తకుండ, “పని లేదు, పో” అన్నాడు. వాడు మరల అన్నాడు. “పని లేదయ్యా!” అని కేక. వారు పోయిన తరువాత కావలివాడు చెప్పినాడు: వారి భాషలో పాణి అంటే నీళ్ళు. పని అడగలేదు, త్రాగుటకు నీళ్ళు అడిగినారు. గుమాస్తా ఆ రాత్రి ఇంటికి వచ్చి దానిని వేడుకగా చెప్పినాడు. ఇద్దరమూ నవ్వినాము. వారు తరువాత ఎక్కడ త్రాగినారో, ఆ కాగితములో ఏ ఊరి పేరున్నదో మాకు తెలియదు.

సైగాను గదిలో మేము మరల నవ్వలేదు.

మనము ఈ కరిసల్ నేలకు వచ్చి శతాబ్దములైనవి. 1529లో విశ్వనాథ నాయకుడు మదురకు వచ్చినది మొదలు మనవారు విడతలు విడతలుగా వచ్చినారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ వారైన కి. రాజనారాయణన్ గారు, ఇంటిలో తెలుగు మాట్లాడినవారు, 1976లో “గోపల్ల గ్రామం” అనే తమిళ నవలలో మనవారు మూటలు మోసుకొని తెలుగునాటినుండి పారిపోయి వచ్చిన కథ వ్రాసినారు. మన ఇండ్లలో ముసలివారు చెప్పే కథే అది. ఏ జమీను మనది, ఏ చెరువు మనవారు త్రవ్వించినారు అని మనము చెప్పుకొంటాము. వచ్చిన మొదటి దినము, దారి తెలియక, మాట తెలియక నిలబడిన మనవారికి కడివెడు నీళ్ళు ఎవరు ఇచ్చినారో మాత్రము ఎవరూ చెప్పరు. ఎవరో ఇచ్చియే ఉందురు. మా వెంబకోట్టై దిబ్బలో 2022 నుండి త్రవ్వకములు జరిపితే శంఖు గాజులు, పూసలు దొరికినవి. మనకంటె ఎంతో ముందు అక్కడ కాపురమున్నవారివి.

ఊరికి తిరిగి వచ్చిన తరువాత పెద్ద పనులేమీ చేయలేదు. ఆఫీసు వాకిట ఒక కుండ, గ్లాసు పెట్టించినాము. గుమాస్తా హిందీ మాటలు ఒక ముప్పది నేర్చుకొన్నాడు, మొదటి మాట నీళ్ళు. కొత్తగా వచ్చిన పిల్లలు దారి అడిగితే బస్సు నంబరు, దిగవలసిన ఊరు తమిళములో వ్రాసి ఇస్తున్నాడు. వ్రాయుటకు నిమిషము పట్టదు. “వీరికి కొంచెము సహాయము చేయండి” అని క్రింద ఒక వరుస వ్రాస్తాడు. ఆ వరుస సైగాను అమ్మవద్ద నేర్చుకొన్నదే.

ఆమె వ్రాసిన చీటి మా ఇంటిలో పంచాంగము నడుమ ఉన్నది. మడతలు నలిగినవి. మొన్న పిల్లవాడు వచ్చి, “ఇది ఇంకా ఎందుకమ్మా?” అని తీయబోతే ఇల్లాలు తీయనీయలేదు.